పెరటి విత్తనము



బాలాపూరులోని మా పాత యింటి వంటసాల దూలమునకు ఒక సొరకాయ బుర్ర వ్రేలాడుచుండెడిది. మా వైపు పెద్దలు దానిని ఆనిగెపుకాయ బుర్ర యందురు. పొయ్యి పొగకు నల్లబడి, చేతి రాపిడికి నున్నబడి, మూతికి గుడ్డ చుట్టబడి యుండెడిది. పాత చీర పీలికలలో కట్టిన చిన్న చిన్న మూటలు దానిలో నుండెడివి. ఒక మూటలో చిక్కుడు గింజలు, ఒక మూటలో పొట్ల గింజలు, మఱియొక దానిలో ఎఱ్ఱబచ్చలి విత్తులు, ఇంకొక దానిలో తోటకూర విత్తనము. మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడిన పిమ్మట ఆ బుర్రను దింపు అధికారము మా తల్లిగారికి తప్ప ఇంటిలో నెవ్వరికిని లేదు.

తెలుగు పండితుడనుగా కుదిరిన నాచేత బడిలో చరిత్రపాఠము గూడ చెప్పించిరి. ముప్పది యేండ్లకు పైగా రాజుల పేర్లను, యుద్ధముల సంవత్సరములను పిల్లలచేత వల్లె వేయించితిని. మా యింటి దూలమునకు వ్రేలాడినదియు చరిత్రయే యని నాకు తోచినది ఉద్యోగము చాలించిన తరువాతనే. నేటి నా ప్రసంగము ఆ బుర్రను గూర్చి, అందలి విత్తనములను గూర్చి, వాని విషయమున నేను చేసిన ఒక తప్పును గూర్చి.

ముందు బుర్ర మాట చెప్పెదను. సొర మనుష్యుడు పెంచిన మొక్కలలో మిక్కిలి పాతది. దాని పుట్టినిల్లు ఆఫ్రికా ఖండము. కొలంబసు 1492లో అమెరికా చేరుటకు వేల సంవత్సరములకు ముందే అది ఆసియాలోను అమెరికాలోను గూడ పెరుగుచుండెను. కుమ్మరి సారె లేని కాలమున ఎండిన సొరకాయయే పలు దేశముల జనులకు చెంబును, గిన్నెయు నైనది. మన తంబురలలో కొన్నిటికి కుండగా నిలిచినది ఆ కాయయే. తెలంగాణములోని పన్నెండు మెట్ల కిన్నెరకు నాదమిచ్చునవి గూడ సొరబుర్రలే. ఆ వాద్యమును వాయించిన దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. లేతదైన కూర, ముదిరిన పాత్ర, ఎండిన వాద్యము. ఒక్క విత్తు ఇన్ని రూపములు దాల్చును. విత్తనములను దాచుటకు విత్తనమునుండి పుట్టిన కాయనే ఎన్నుకొనిన పల్లెటూరి యిల్లాలి తెలివికి నేను ఆలస్యముగా నమస్కరించుచున్నాను.

పెరటి మొక్కలు చిన్నవని మన పూర్వులు వానిని చిన్నచూపు చూడలేదు. పాణిని మహర్షి అష్టాధ్యాయి ఆరవ యధ్యాయమున కుస్తుంబురు శబ్దమునకు ప్రత్యేకముగా ఒక సూత్రమే చేసెను. కుస్తుంబురు వనగా మన కొత్తిమీర, ధనియములు. కన్నడిగుల కొత్తంబరి యను మాటలో ఆ ధ్వని నేటికిని వినబడుచున్నది. చిన్నతనమున గురువుగారి యెదుట నేనా సూత్రమును అప్పగించితిని గాని, అందలి సుడాగమమునే చూచితిని; సూత్రము వెనుక నున్న ఆకును చూడలేదు. వ్యాకరణము చేయువాని పెరటిలో గూడ కొత్తిమీర మడి యొకటి ఉండి యుండునను తలంపే నాకు రాలేదు.

6వ శతాబ్దమువాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక యధ్యాయము కేటాయించెను. తోట వేయగోరువాడు ముందుగా మెత్తని నేల నెన్నుకొని, అందు నువ్వులు చల్లి, అవి పూచినప్పుడు ఆ మట్టిలోనే త్రొక్కి కలిపివేయవలెనని చెప్పినాడు. నేడు మనము పచ్చిరొట్ట యెరువనునది అదియే. విత్తనములను పాలలో నానవేయుట, పేడలో పొర్లించుట, పొగ పట్టించుట గూడ అందు కలవు. మా తల్లిగారు బృహత్సంహిత పేరైనను వినియెఱుగరు. అయినను వారు గుమ్మడి గింజలను పేడలో పొదిగి పిడకగా గోడకు కొట్టెడివారు. చిక్కుడు గింజలకు బూడిద పట్టించి మూట కట్టెడివారు. తక్కిన పనిని పొయ్యి పొగ చూచుకొనెడిది. ఉజ్జయిని జ్యోతిష్కుని చేయియు, బాలాపూరు ఇల్లాలి చేయియు ఒక పనినే చేసినవి.

సుమారు వేయి సంవత్సరముల క్రిందట సురపాలుడను విద్వాంసుడు వృక్షాయుర్వేదమను పేరనే ఒక సంస్కృత గ్రంథము రచించెను. దాని వ్రాతప్రతి ఒకటి ఇంగ్లాండులో, ఆక్స్‌ఫర్డు నగరపు బోడ్లియన్ గ్రంథాలయమున నుండెను. దానిని తెప్పించి వెలుగులోనికి తెచ్చిన ఘనత మన జంటనగరములదే. 1994లో సికింద్రాబాదున ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థను స్థాపించిన శాస్త్రవేత్త వై.ఎల్. నెనెగారు ఆ ప్రతిని సంపాదింపగా, ఉస్మానియా విశ్వవిద్యాలయమున సంస్కృతము బోధించిన నళినీ సాధలేగారు దానిని ఆంగ్లమున అనువదించిరి. 1996లో అది అచ్చయినది.

ఇచ్చట ఒక్క క్షణము నిలువవలెను. తాళపత్రము శాశ్వతము కాదు. పురుగు తినును, అంచులు పొడియగును. కావుననే పూర్వము తరమునకు ఒకరైనను గంటము పట్టి, పాత ప్రతిని చూచి క్రొత్త ప్రతిని వ్రాసిరి. అట్లు వ్రాయువారు లేని గ్రంథములెన్నియో పేరు మాత్రము మిగిలి నశించినవి. విత్తనము గూడ అట్టి గ్రంథమే. దానికి ప్రతి వ్రాయుటకు గంటము చాలదు. మట్టి, నీరు, ఎండ, ఒక మనుష్యుని ఓపిక కావలెను. తాళపత్రము నూరు, రెండు వందల యేండ్లు ఓర్చుకొనును. విత్తనము అంత గడువీయదు. నాలుగైదేండ్లు ప్రతి వ్రాయకున్నచో పెరటి విత్తనములలో పెక్కులు మూటలోనే ప్రాణము విడుచును.

ఈ విత్తన గ్రంథములలో పరదేశమునుండి వచ్చినవియు అనేకము. మిరపకాయ పడని కూర కూరయే కాదని మనమనుకొందుము. కాని మిరప అమెరికా ఖండపు మొక్క. 1498లో వాస్కోడగామా ఓడలు కేరళ తీరము చేరిన తరువాత, పోర్చుగీసువారి వర్తకముతో అది మన నేలకు వచ్చినది. అంతకు పూర్వము మన వంటకు కారమిచ్చినది మిరియము. టమాట, ఆలుగడ్డ, మక్కజొన్న, పల్లి, జామ, సీతాఫలము గూడ ఆ ఖండపువే. మేము పుంటికూర యని పిలుచు గోంగూర పుట్టుక ఆఫ్రికాలో. పుదీనా తన పారసీకపు పేరుతోనే మన యింట నిలిచినది. ఈ క్రొత్త విత్తనములను పెరటిలో నాటి, రుచి చూచి, ఇంటిభాషలో పేరు పెట్టి, కొన్ని తరములలో అనాదిగా మనవే యనిపించునట్లు చేసినవారి పేర్లు ఏ శాసనమునందును లేవు.

ఒక దేశమున అలంకారమైనది మఱియొక దేశమున ఆహారమగుట గూడ వింతయే. ఐరోపావారు తొలుత టమాటను పండ్ల రంగు చూచి ముచ్చటపడి పెంచిరి. విషమను భయముచే చాలమంది నోట పెట్టలేదు. మన చిక్కుడును, ఎఱ్ఱబచ్చలిని పాశ్చాత్యులు నేడు ఊదాపూవుల కొఱకును, ఎఱ్ఱని కాడల కొఱకును తోట ముంగిట ప్రాకింతురు. మనకు అలంకారము వేఱు, కూర వేఱు అను భేదము లేదు. 2014లో రాష్ట్ర పండుగయైన బతుకమ్మనే చూడుడు. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పూవులను తాంబాళమున వరుసగా పేర్చుదురు. గునుగు లేతాకు పల్లెలలో కూర. గుమ్మడి తీగ కొన్ని పూవులను బతుకమ్మకిచ్చి, తక్కినవానిని కాయలుగా మార్చి వంటయింటికిచ్చును. తంగేడు మన గట్టుమీదిది; పెద్ద గుమ్మడియు, బంతియు సముద్రము దాటి వచ్చినవి. మన ఆడపడుచులు వానిని ఒక తాంబాళమున పేర్చి, చుట్టు తిరిగి పాడుచున్నారు. ఇంతకంటె మంచి ఆతిథ్యము నాకు చరిత్రలో కానరాదు.

ఇక మన నగరము సంగతి. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా హైదరాబాదును నిర్మించెను. 17వ శతాబ్దమున ఇచ్చటికి వచ్చిన టావెర్నియే యను ఫ్రెంచి వజ్రవర్తకుడు రాజభవనపు మిద్దెలమీద తోటలను చూచి ఆశ్చర్యపడి వ్రాసినాడు. ఆ తోటలలోని చెట్లు ఎంత పెద్దవనగా, క్రింది కమానులు వాని బరువును ఎట్లు మోయుచున్నవో యని అతడు విస్మయము చెందెను. కావున మిద్దెమీద తోట యనునది ఈ నగరమునకు క్రొత్త వేడుక కాదు. అప్పుడది రాజునకు మాత్రమే దక్కినది. ఇప్పుడు సామాన్యునికి గూడ అందుబాటులోనికి వచ్చినది. నగరపు తూర్పు వైపున కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు తమ యింటి మీద కూరగాయలు పండించి, మిద్దెతోట యను మాటను తెలుగువారి నోళ్లకు అలవాటు చేసిరి.

మా బాలాపూరు నా చిన్ననాడు సేద్యపు ఊరు. 1980లో ఇచ్చట వినాయక ఉత్సవము లారంభమైనవి. 1994లో స్వామి చేతి లడ్డును వేలము వేయగా 450 రూపాయలు పలికినది. ఆ ప్రసాదమును పొలములో చల్లినచో పంట పండునని రైతుల నమ్మకము. 2024లో అదే లడ్డు 30 లక్షల 1 వేయి రూపాయలు పలికినది. లడ్డు ధర పెరిగినది. చల్లుటకు పొలములు తరిగినవి. నగరము దిల్‌సుఖ్‌నగరును, ఎల్.బి. నగరును దాటి మా చెలకలమీదికి వచ్చినది. 2016లో మా ఊరు మండల కేంద్రమైనది. వినాయక చవితికి వలయు 21 పత్రులలో పెక్కింటిని పూర్వము పిల్లలము గట్ల వెంట ఏరి తెచ్చెడివారము. తులసి, మరువము పెరటిలోనే దొరకెడివి. పత్రి పూజయనగా మాకు ఏటికొకమారు జరుగు ఓషధుల పాఠము. ఇప్పుడు బజారున కట్ట కట్టి అమ్మిన ఆకులు తెచ్చుకొనుచున్నాము. మొన్నటి చవితినాడు మా మనుమరాలు ఉత్తరేణి కొమ్మను చేతబట్టుకొని, "తాతా, ఇదేం గడ్డి?" అని యడిగినది. తప్పు దానిది కాదు.

తప్పు నాదియే. చెప్పెదనంటిని గదా, చెప్పెదను. పాత యింటిని పడగొట్టి స్లాబు ఇల్లు కట్టినప్పుడు, ఆవరణ శుభ్రముగ నుండవలెనని పెరడంతయు బండలు పఱపించితిని. మా తల్లిగారు వృద్ధులైయుండిరి. ఒక్కమారే అడిగిరి: "చిక్కుడు యాడ పెట్టాలె నాయనా?" నేను నవ్వుచు, "అంగట్ల దొరుకుతయి గదమ్మా" అంటిని. వారు మఱల అడుగలేదు. బుర్రను తామే తుడిచి అటుకమీద పెట్టిరి. కొన్ని యేండ్లకు వారు గతించిరి. ఉద్యోగము చాలించిన తరువాత, చేయుటకు పనిలేక, నేనా బుర్రను దింపితిని. మూటలన్నియు ఉన్నవి. ముడులు సయితము వారి చేతి ముడులే. కుండీలలో మట్టి నింపి, వారు చేసినట్లే రాత్రి నానవేసి ఉదయమున నాటితిని. పది దినములు చూచితిని. ఇరువది దినములు చూచితిని. ఒక్కటియు మొలవలేదు. కొన్ని గింజలను పురుగు తొలిచియుండెను. కొన్ని చూచుటకు నిండుగనే యున్నవి గాని వానిలో ప్రాణము లేదు. తేమయు వేడియు విత్తనమునకు శత్రువులు. పొగయు బూడిదయు పోయి, వానకాలపు చెమ్మయు, వేసవిలో స్లాబు వేడియు దానికి తగిలినవి. పాణినీయము చదివిన నేను ఇంటిలోని గ్రంథమునకు ప్రతి వ్రాయక చెదలపాలు చేసితిని.

ఆ యేడు సంక్రాంతికి ఇబ్రహీంపట్నములో మా మేనమామగారి యింటికి పోయితిని. పెరటి పందిరి మీద ఊదాపూవుల చిక్కుడు తీగ, ఊదా అంచు కాయలతో విరగకాచియున్నది. చూడగనే గుర్తించితిని. మా మరదలు నా చూపు గమనించి, "అత్తమ్మ ఇచ్చిన గింజలే బావా! యేటేటా పెడుతనే ఉన్న. నీకాడ లేకపాయెనా?" అన్నది. నాకు నోట మాట రాలేదు. ఎన్నడో మా తల్లిగారు కొంగున కట్టి తెచ్చి ఇచ్చిన పిడికెడు గింజలు అవి. దాచినవి నశించినవి; ఇచ్చినవి నిలిచినవి. ఆమె పొట్లము కట్టి ఇచ్చిన గింజలు నేడు మా మిద్దెమీద పందిరికెక్కియున్నవి.

అంగడిలో విత్తనములు దొరకుట లేదా యని శ్రోతలలో కొందఱు అడుగవచ్చును. దొరకును. హైదరాబాదు దేశమునకు విత్తన రాజధాని యని పేరొందినది; ప్రపంచ విత్తన పరీక్షా నిపుణుల మహాసభ 2019లో ఇచ్చటనే జరిగినది. అయితే అంగడిలో అమ్ము పొట్లములలో పెక్కులు సంకర విత్తనములు. వాని కాపు మొదటియేడు సమానముగ, విరివిగ నుండును. ఆ కాయలోని విత్తనము మరల నాటినచో తల్లి పోలిక నిలువదు. పిల్లలు పలు తీరులగుదురు. ఈ రహస్యమును మొదట లెక్క కట్టినవాడు గ్రెగోర్ మెండెల్. ఆయన నేటి చెక్ దేశములోని బ్రనో పట్టణపు మఠమున సన్న్యాసి, బడిపంతులు గూడ. మఠపు తోటలోని చిన్న మడిలో బఠానీలు నాటి, ఏండ్లకొలది గింజలు లెక్కించి, 1866లో ఆ ఫలితమును ప్రకటించినాడు. 1900 వఱకు లోకము దానిని పట్టించుకొనలేదు. ఒక పంతులు పెరటి మడిలో కనుగొన్న సంగతిపై నేటి విత్తన వ్యాపారమంతయు నిలిచియున్నది. సంకర విత్తనమును నేను నిందింపను. రైతునకు దాని అవసరము కలదు. కాని ఇంటి పెరటికి తల్లి పోలిక నిలుపు నాటువిత్తనమే తగినది. 2001లో మన పార్లమెంటు చేసిన చట్టము రైతు తన పంటనుండి విత్తనమును దాచుకొనుటకు, నాటుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు గల హక్కును నిలిపినది. మా మరదలు ఆ చట్టము పేరెఱుగకయే దానిని పాటించినది.

మొదలుపెట్టగోరువారికి నాలుగు మాటలు. విత్తును దాని మందమునకు రెండు మూడింతల లోతుననే నాటవలెను. తులసి, మరువము, తోటకూర విత్తనములు దుమ్మువంటివి. ఇసుకతో కలిపి పైపైన చల్లి, చేతితో నీరు చిలుకరింపవలెను. ధనియపు గింజలో రెండు విత్తులుండును. మెల్లగ నలిపి రెండుగా చేసి, ఒక రాత్రి నానవేసి చల్లినచో ఎనిమిది మొదలు పదునైదు దినములలో మొలచును. దానికి చలికాలము హితము. ఎండ ముదిరిన ఆకు వేయక పూతకు వచ్చును. మెంతి తొందరది, నాలుగైదు దినములకే మొలచి, మూడు నాలుగు వారములలో కూరకు వచ్చును. కరివేపాకు గింజ ఎండిన పనికిరాదు. పండిన వెంటనే గుజ్జు కడిగి నాటవలెను. పుదీనాకు విత్తనముతో పనిలేదు, కాడ చాలును. కాకర, పొట్ల గింజల పెంకు గట్టిది, రాత్రి నానవేయుడు. పొట్లకాయ వంకర పోకుండ చివర చిన్న రాయి కట్టుడు.

విత్తనము కొఱకు కాయ నెన్నుకొనుట యందే అసలు పాండిత్యము. మొదట కాచిన మంచి కాయలలో ఒకదానిని కోయక తీగపైననే పూర్తిగ ఎండనీయవలెను. చిక్కుడు, టమాట, మెంతి తమ పుప్పొడితోనే ఫలించునవి గనుక పోలిక సులభముగ నిలుచును. సొర, బీర, గుమ్మడి పూవులకు తేనెటీగలు పొరుగు పుప్పొడిని తెచ్చును. కావున ఒక జాతిలో ఒక రకమునే పెంచుట మేలు. గింజలను నీడన బాగుగ ఆరబెట్టి, బూడిద కలిపి, పొడి తావున ఉంచవలెను. అన్నిటికంటె ముఖ్యము, సగము గింజలను ఇరుగుపొరుగు వారికిచ్చుట. మీ యింట పోయినను వారి యింట నుండును.

మా తల్లిగారి బుర్రలోని పొట్ల, బచ్చలి రకములు నాకు మఱల దొరకలేదు. చిక్కుడు మాత్రము దక్కినది. మొన్నటి మృగశిరకు మా మనుమరాలు గింజ మొలక ప్రక్కకు వచ్చునట్లు పెట్టి, తన వేలితో మట్టి కప్పినది. ఆ యేటి కాయలలో ఒకటి ఇప్పుడు పందిరిపైననే ఎండుచున్నది. ఆ గింజలను మూడు పొట్లములు చేయుదము: ఒకటి మాకు, ఒకటి పొరుగింటికి, ఒకటి ఇబ్రహీంపట్నమునకు. మీ బంధువుల పెరళ్లలో మీ పెద్దలిచ్చిన తీగ యేదైన మిగిలియున్నదేమో ఈ పండుగకు పోయినప్పుడు ఒకమారు అడిగి చూడుడు.